స్పానిష్‌లో ‘మె లొ’, ‘తె లొ’, ‘సె లొ’: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి యాప్ పట్టుకునో, ఇంగ్లీష్ పుస్తకం పట్టుకునో స్పానిష్ మొదలుపెట్టినవాళ్లు కొన్ని నెలలు బాగనే నడుస్తరు. ‘ఆమెకు దాన్ని ఇచ్చిన’ అనే వాక్యం కాడికి వచ్చినంక బండి ఆగుతది. స్పానిష్ కష్టమై ఆగుడు కాదు, మధ్యలో ఇంగ్లీష్ స్టేషన్ల దిగి మళ్ల ఎక్కుతున్నందుకు ఆగుడు. తెలుగు నుంచి సీదా పోతే ఈ పాఠంలో సగం మనకు ముందే వచ్చు. మిగిలిన సగంలో మాత్రం తెలుగే మనల్ని పడేస్తది. రెండూ కింద ఉన్నయి.

ఇక్కడి స్పానిష్ మాటలు ఎట్ల చదవాలె?

ఒత్తి పలికే అక్షరానికి దీర్ఘం పెట్టినం, మిగిలినవి హ్రస్వాలు. ‘దామెలొ’ అంటే ఒత్తు ‘దా’ మీద, ‘మెలొ’ తేలిగ్గ పోతది. స్పానిష్‌లో నిజంగ దీర్ఘాలు లేవు, కాబట్టి ‘దా’ను సాగదీయొద్దు, జర గట్టిగ అంటే చాలు. త, ద లు మన ‘తాత’, ‘దారి’లో లెక్కనే పళ్లకు తగలాలె. ఇంగ్లీష్ అలవాటుకు ట, డ అన్నరంటే మొదటి మాటకే దొరికిపోతరు. ఇంకో లాభం: హ్రస్వ ఎ, ఒ మనకు ఉన్నయి. ‘లో’ కాదు, ‘లొట్టపీసు’లో ఉన్న ‘లొ’.

ప్రత్యక్ష కర్మ, పరోక్ష కర్మ అంటే ఏంది? ఎట్ల పట్టుకోవాలె?

బడిలో బట్టీ పట్టిన విభక్తులు యాదికి తెచ్చుకోండ్రి. నిన్, నున్ అన్నది ద్వితీయ. కిన్, కున్ అన్నది షష్ఠి. ‘ని, ను’ వచ్చే చోట స్పానిష్‌లో ప్రత్యక్ష కర్మ, ‘కి, కు’ వచ్చే చోట పరోక్ష కర్మ. ‘రవికి చాబి ఇచ్చిన’ అంటే రవి పరోక్షం, చాబి ప్రత్యక్షం.

వస్తువులకు తెలుగులో ‘ని’ చాలాసార్లు రాదు. ‘చాబి ఇచ్చిన’ అంటం తప్ప ‘చాబిని ఇచ్చిన’ అనం. అందుకే విభక్తి కనబడకపోతే ‘ఏం ఇచ్చిన?’ అని అడగండ్రి. వచ్చిన జవాబే ప్రత్యక్ష కర్మ. ‘ఎవరికి?’ అంటే వచ్చేది పరోక్షం.

ఇక రూపాలు. నన్ను, నాకు రెండిటికీ ‘మె’. నిన్ను, నీకు రెండిటికీ ‘తె’. మమ్మల్ని, మాకు, మనల్ని, మనకు అన్నిటికీ ‘నొస్’. స్పెయిన్‌లో దోస్తుల గుంపును ‘మిమ్మల్ని, మీకు’ అనేటందుకు ‘ఒస్’ ఉంటది, లాటిన్ అమెరికాలో అది వాడరు. తేడా అంతా మూడో మనిషి కాడనే. వాణ్ని, పుంలింగ వస్తువును ‘లొ’. ఆమెను, స్త్రీలింగ వస్తువును ‘ల’. ఎక్కువుంటే ‘లొస్’, ‘లస్’. ఆయనకైనా ఆమెకైనా ‘లె’, వాళ్లకు ‘లెస్’. ‘లె’కు ఆడ, మగ తేడా లేదు.

రెండూ కలిసొస్తే ఏది ముందు?

‘కి’ ముందు, ‘ని’ తర్వాత, ఆఖరికి క్రియ. తెలుగు వాక్యం వరసే ఇది:

మె లొ ద్యో: నాకు, దాన్ని, ఇచ్చిండు.
తె లస్ మాందొ: నీకు, వాటిని, పంపుతున్న (పిల్లలమర్రి ఫోటోలు అనుకోండ్రి. ఫోతొ స్త్రీలింగం, అందుకే ‘లస్’).
ఎల్ మొలీనొ నొస్ లొ మందో: మిల్లు, మాకు, దాన్ని, పంపింది. మిర్యాలగూడ మిల్లు నుంచి వచ్చిన బియ్యం అన్నమాట. బియ్యం ‘ఎల్ అర్రోస్’, పుంలింగం.

ఇంగ్లీష్‌లో ‘ఇచ్చిండు, దాన్ని, నాకు’ అని తలకిందులుగ ఉంటది. అందుకే ఇంగ్లీష్ మీదుగ పోయేవాళ్ల నోట ‘లొ మె ద్యో’ వస్తది. అది ఏ ప్రాంతపు స్పానిష్‌లోనూ ఒప్పు కాదు. ‘లేదు’ చెప్పాల్సివస్తే ‘నో’ అందరికన్నా ముందు నిలబడతది: నో మె లొ ద్యో. సర్వనామానికీ క్రియకూ మధ్యల ‘నో’ జొర్రగూడదు. ఇంకే మాటా జొర్రగూడదు.

‘లె లొ దీ’ అని ఎందుకు అనగూడదు?

లె, లెస్‌ల పక్కన లొ, ల, లొస్, లస్‌లలో ఏది వచ్చినా ముందున్నది ‘సె’ అయితది. సె లొ దీ: ఆయనకు దాన్ని ఇచ్చిన. దీనికి మినహాయింపు లేదు.

‘లె లొ’ వినడానికి బాగుండదు కాబట్టి మార్చిన్రు అని చాలా పాఠాల్లో చెప్తరు. ఆ కారణం నిలబడదు. సమాంతరం అనేటందుకు స్పానిష్‌లో ‘పరలేలొ’ అంటరు, తెలివి తక్కువోణ్ని ‘లేలొ’ అంటరు. ఆ శబ్దంతో వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. అసలు సంగతి చరిత్రలో ఉంది. లాటిన్ నుంచి వచ్చిన రెండు సర్వనామాలు కలిసి మధ్యయుగపు స్పానిష్‌లో ‘జె లొ’ లాంటి రూపమైనయి. రాను రాను ఆ ‘జె’ శబ్దం, అప్పటికే భాషలో ఉన్న ‘సె’తో కలిసిపోయింది. 16వ శతాబ్దం నాటికి ‘సె లొ’ స్థిరపడ్డది. అంటే ‘లె’ వచ్చి ‘సె’గ మారుడు కాదు, ఈ జంటలో ఆ రూపం మొదటినుంచే వేరు. నేర్చుకునేటోళ్లు మాత్రం ‘లె పోయి సె వచ్చె’ అని గుర్తుపెట్టుకుంటే పని నడుస్తది.

‘సె లొ దీ’ అంటే ఎవరికి ఇచ్చినట్టు? ఆయనకా, ఆమెకా, వాళ్లకా, మీకా?

అందరికీ అదే. ఎదుటివాళ్లకు తెలిసిన ముచ్చటైతే అట్లనే వదిలేస్తరు. తెలియకపోతే వెనుక అతికిస్తరు: సె లొ దీ అ ఏల్ (ఆయనకు), అ ఏయ (ఆమెకు), అ ఉస్తేద్ (మీకు), అ ఏయొస్ (వాళ్లకు).

ఇందులో ‘మీకు’ను జర జాగ్రత్తగ చూడండ్రి. తెలుగులో నీకు, మీకు అక్కచెల్లెండ్ల లెక్క ఉంటయి కాబట్టి మనోళ్లు రెండిటికీ ‘తె’ వాడేస్తరు. గౌరవంగ ‘ఉస్తేద్’ అని పిలిచే మనిషికి స్పానిష్‌లో మూడో మనిషి రూపాలే పడతయి. ఆఫీసుల పెద్దమనిషితో ‘కాయితాలు మీకు రేపు పంపుత’ అనాలంటే ‘సె లొస్ మాందొ మన్యాన’. ‘తె లొస్ మాందొ’ అంటే ‘నీకు పంపుత’ అన్నట్టు. వ్యాకరణం తప్పు కాదు, మర్యాద తప్పు.

‘ఇచ్చినవా?’ అంటే తెలుగులో ‘ఇచ్చిన’ అంటం. స్పానిష్‌లో ఒక్క ‘దీ’ సరిపోదా?

సరిపోదు. తెలుగువాళ్ల తప్పుల్లో పెద్దది ఇదే. ‘లె లొ’ లాంటివి నెలకు దిద్దుకుంటయి, ఇది మాత్రం ఏండ్లకు ఏండ్లు ఉంటది.

మనం రవికి చాబి ఇచ్చినవా అంటే ‘ఆ, ఇచ్చిన’ అంటం. ఎవరికి, ఏం అన్నది గాలిలో ఉంటది. ఎవరూ తప్పు పట్టరు. స్పానిష్‌లో ‘లె దీస్తె ల యాబె అ రవి?’ అని అడిగితే ‘సీ, సె ల దీ’ అనాలె. రవికి ‘సె’, చాబికి ‘ల’, రెండూ క్రియ పక్కన కనబడాలె. ‘సీ, దీ’ అంటే వినేటోడు ‘ఏం? ఎవరికి?’ అన్నట్టు చూస్తడు. ‘సీ, లె దీ’ అన్నా సగమే.

ఇక్కడొక మెలిక. ‘లె దీస్తె దినేరొ?’ (ఆయనకు పైసలు ఇచ్చినవా? ఏవో కొన్ని పైసలు) అని అడిగితే ‘సీ, లె దీ’ అన్నది పూర్తి జవాబే. ‘దినేరొ’ ముందు ‘ఎల్’ (ఇంగ్లీష్ ‘the’ లాంటి మాట) లేదు, అంటే ఫలానా పైసలు కాదు, కాబట్టి ‘లొ’ అక్కర్లేదు. అదే ‘లె దీస్తె ఎల్ దినేరొ?’ (ఆ పైసలు ఇచ్చినవా?) అంటే ‘సీ, సె లొ దీ’. ఎదుటి ప్రశ్నలో ఎల్, ల, లొస్, లస్ గాని, ‘ఈ’, ‘నా’ లాంటి మాట గాని వినబడ్డదా, జవాబులో ప్రత్యక్ష సర్వనామం తప్పదు. వినబడలేదా, చాలాసార్లు అక్కర్లేదు. ఈ ఒక్క చెవి అలవాటు చేసుకుంటే సగం తప్పులు పోతయి.

లొ, ల, లొస్, లస్‌లలో ఏది పెట్టాలో ఎట్ల తేల్చాలె?

ఇచ్చే వస్తువు లింగాన్ని, సంఖ్యను చూడాలె. తీసుకునే మనిషిని చూడొద్దు. ‘అక్కకు పుస్తకం ఇచ్చిన’ అన్నప్పుడు అక్క ఆడమనిషి కదా అని ‘సె ల దీ’ అనేవాళ్లు ఉన్నరు. పుస్తకం ‘ఎల్ లీబ్రొ’, కాబట్టి ‘సె లొ దీ’.

తెలుగులో వస్తువులకు లింగం లేదు, అందుకే ప్రతి మాటనూ ఎల్, ల తోని కలిపే నేర్చుకోవాలె. మోసం చేసేవి కొన్ని: మోతొ (మోటర్ సైకిల్), ఫోతొ, మానొ (చెయ్యి) ‘ఒ’తో ముగిసినా స్త్రీలింగాలు, వీటికి ‘ల’. మాప, ప్రొబ్లేమ ‘అ’తో ముగిసినా పుంలింగాలు, వీటికి ‘లొ’. నీళ్లను ‘ఎల్ ఆగ్వ’ అంటరు గాని అది స్త్రీలింగం, ‘ల’ పెట్టాలె. మనకు పైసలు బహువచనం, వాళ్లకు ‘ఎల్ దినేరొ’ ఏకవచనం: లొ. నీళ్లదీ అదే కథ. గద్వాల చీరైనా, పోచంపల్లి చీరైనా, నారాయణపేట చీరైనా ‘ఎల్ సారి’, పుంలింగం: లొ.

ఒక ముచ్చట మొత్తాన్ని ‘దాన్ని’ అనాలంటే ఎప్పుడూ ‘లొ’నే. సె లొ దీహె: ఆ సంగతి ఆమెకు చెప్పిన.

కి, ని సూత్రం ఎక్కడ తప్పుతది?

క్రియలు కొన్ని రెండు భాషల్లో రెండు తీర్ల నడుస్తయి. ఎక్కువ దెబ్బ కొట్టేవి ఇవి.

అడుగుడు: మనం ‘సారును అడిగిన’ అంటం, ‘ను’ ఉంది. స్పానిష్‌లో ప్రెగుంతార్ (ప్రశ్న అడుగుడు), పెదీర్ (వస్తువు అడుగుడు) రెండూ మనిషిని పరోక్ష కర్మ చేస్తయి. లె ప్రెగుంతే: ఆయన్ని అడిగిన. సె లొ ప్రెగుంతే: ఆ సంగతి ఆయన్ని అడిగిన. ‘లొ ప్రెగుంతే’ అంటే ‘ఆ సంగతి అడిగిన’ అని మాత్రమే.

ఫోన్ చేసుడు: మనకు ‘ఆమెకు ఫోన్ చేసిన’. వాళ్లకు యమార్ అంటే ‘పిలుచుడు’, అందుకే మనిషి ప్రత్యక్ష కర్మ: ల యమే. సాయం చేసుడూ అంతే, అయుదార్: ల అయుదే.

ఎదురుచూసుడు: ‘నీ కోసం’ అంటం గాని ఎస్పెరార్‌కు ‘కోసం’ వద్దు. లొ ఎస్పెరే: ఆయన కోసం చూసిన.

తీసుకునుడు, గుంజుకునుడు: మనం ‘వాని దగ్గర నుంచి’ అంటం. స్పానిష్ ఇక్కడ కూడా ‘లె’ పెడతది. సె లొ కితే: వాని దగ్గర నుంచి దాన్ని గుంజుకున్న. ఇచ్చినా ‘సె లొ’, గుంజుకున్నా ‘సె లొ’. దిక్కు చెప్పేది క్రియ, సర్వనామం కాదు. ‘కి’ అంటే పోవుడు, ‘నుంచి’ అంటే వచ్చుడు అని అలవాటైన మనకు ఇది కొన్నాళ్లు మింగుడుపడదు.

అయితే ‘సె లొ కొంప్రే అ రాజు’ అంటే రాజుకు కొన్నట్టా, రాజు దగ్గర కొన్నట్టా?

రెండూ కావచ్చు. స్పానిష్ మాట్లాడేవాళ్లు సందర్భం చూసి అర్థం చేసుకుంటరు. రాజు దుకాణదారుడైతే అతని దగ్గర కొన్నట్టు, తమ్ముడైతే అతనికి కొన్నట్టు. తేల్చి చెప్పాలంటే ‘లొ కొంప్రే పర రాజు’ అంటే రాజు కోసమే. దగ్గర అని తేల్చాలంటే క్రియ మార్చుడు మేలు: రాజు మె లొ బెంద్యో, రాజు నాకు దాన్ని అమ్మిండు.

ఇయ్యి, చెప్పు, తే అని ఆజ్ఞ చేసేటప్పుడు ఎక్కడ పెట్టాలె?

చెయ్యి అంటే వెనుక అతుకుతది, చెయ్యకు అంటే ముందుకొస్తది.

దామెలొ: నాకియ్యి దాన్ని. నో మె లొ దేస్: నాకియ్యకు దాన్ని.
దీమెలొ: నాకు చెప్పు. నో మె లొ దీగస్: నాకు చెప్పకు.
మర్యాదగ అయితే దీగమెలొ: నాకు చెప్పండ్రి.
దాసెలొ: ఆమెకియ్యి దాన్ని.

అతికినా వరస మారదు. ‘మెలొ’, ‘సెలొ’ అట్లనే ఉంటయి, క్రియ మాత్రం ముందుకొచ్చి నిలబడతది. రాతలో మూడూ ఒకే మాట, మధ్యల సందు ఇయ్యొద్దు.

‘ఇద్దాం’ అనేటప్పుడు ఒక సకారం రాలిపోతది: దేమొస్, సె, లొ కలిస్తే దేమొసెలొ. రెండు ‘స’లు రాస్తే తప్పు. ‘మీరంతా నాకియ్యండ్రి’ అంటే దేన్మెలొ. బహువచనపు ‘న్’ను వెనక్కు లాగి ‘దేమెలొన్’ అనేవాళ్లు అక్కడ కూడా ఉన్నరు. వింటే గుర్తుపట్టండ్రి, రాయకండ్రి.

‘ఇద్దామనుకుంటున్న’, ‘ఇస్తున్న’ లాంటి రెండు క్రియల వాక్యాల్లో?

రెండు చోట్లు ఉన్నయి, రెండూ ఒప్పే. మొదటి క్రియకు ముందు: తె లొ క్యేరొ దార్. లేకపోతే రెండో క్రియకు వెనుక అతికించి: క్యేరొ దార్తెలొ. అట్లనే సె లొ ఎస్తోయ్ ఎస్క్రిబ్యేందొ, ఎస్తోయ్ ఎస్క్రిబ్యేందొసెలొ. అర్థం ఒకటే. మాటల్లో మొదటిది ఎక్కువ వినబడతది.

జంటను మాత్రం విడదీయొద్దు. ‘తె క్యేరొ దార్లొ’ అని ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పెడితే చెల్లదు. రెండు కట్టుబాట్లు కూడా ఉన్నయి. ‘ఇచ్చిన ఉన్న’ లాంటి పూర్ణకాలంలో ఎప్పుడూ ముందే: సె లొ ఎ దాదొ. ‘ఆయ్ కె’ (చెయ్యాలె) తోని ఎప్పుడూ వెనుకనే: ఆయ్ కె దెసీర్సెలొ, ఆమెకు చెప్పాలె.

అక్షరం మీద ఆ చిన్న గీత ఎప్పుడు పెట్టాలె?

కారణం తెలిస్తే బట్టీ పట్టే పని లేదు. అచ్చుతోనో, ‘న్’, ‘స్’తోనో ముగిసే మాటకు ఒత్తు చివరినుంచి రెండో అక్షరం మీద పడుతదని స్పానిష్ లెక్క. ‘కోంప్ర’కు ‘మెలొ’ అతికిస్తే ఆ లెక్క ప్రకారం ఒత్తు ‘మె’ మీద పడాలె. కానీ నోరు ఇంకా ‘కోం’నే ఒత్తుతది. ఒత్తు పాత చోటనే ఉందని చెప్పేటందుకే గీత.

పనికొచ్చే లెక్క ఇది. దార్, కొంప్రార్ లాంటి మూలరూపానికి ఒక సర్వనామం అతికితే గీత వద్దు (దార్మె), రెండు అతికితే కావాలె (దార్మెలొ). ‘కొంప్రాందొ’ లాంటి ‘చేస్తూ’ రూపానికి ఒకటి అతికినా కావాలె. ఆజ్ఞ ఒక అక్షరానిదైతే (దా, దీ, పోన్) రెండు అతికినప్పుడే కావాలె: దామె వద్దు, దామెలొ కావాలె. ఆజ్ఞకు రెండు, అంతకన్నా ఎక్కువ అక్షరాలుంటే ఒకటి అతికినా చాలావరకు కావాలె: కోంప్రమె, కోంప్రమెలొ. రెండు సర్వనామాలు అతికిన ప్రతి మాటకూ గీత ఉంటది. ఇదొక్కటి గుర్తున్నా పరీక్షల పని అయితది.

‘అ సీత’ అని పేరు పెట్టినంక ‘లె’, ‘సె’ ఇంకెందుకు?

మనకు అది రెండుసార్లు చెప్పినట్టు అనిపిస్తది. ‘సీతకు, ఆమెకు ఇచ్చిన’ అని ఎవరంటరు! స్పానిష్‌లో ‘లె’ అనేది క్రియకు తొడిగే ప్రత్యయం లాంటిది, పేరు ఉన్నా అది ఉంటది: లె దీ ల యాబె అ సీత. జంటగ ఉన్నప్పుడు కూడా: సె ల దీ అ సీత. మనం ‘సీత ఇచ్చింది’ అన్నప్పుడు సీత పేరు ఉన్నా చివర ‘ది’ పెట్టుడు మానం కదా, అట్ల.

తిరగబెట్టి మాత్రం చెయ్యొద్దు. ‘అ మీ’ (నాకు) పెట్టి ‘మె’ వదిలేస్తే తప్పు. మె లొ ద్యో అ మీ: నాకే ఇచ్చిండు, ఇంకెవరికో కాదు. ‘అ మీ’ నొక్కి చెప్పేటందుకు, ‘మె’ వ్యాకరణానికి.

‘కట్టింది’, ‘కట్టుకున్నది’ తేడా స్పానిష్‌లో ఉందా?

ఉంది. మన ‘కొను’ చేసే పనిలో చాలా భాగాన్ని అక్కడ ఆత్మార్థక సర్వనామం చేస్తది. మె లొ పూసె: (చీర) కట్టుకున్న. మె లస్ లాబొ: (చేతులు) కడుక్కుంట. చేతులు ‘లస్ మానొస్’, స్త్రీలింగ బహువచనం. ‘నా చేతులు’ అని విడిగ చెప్పక్కర్లేదు, ‘మె’ ఉంది కదా.

చిక్కు మూడో మనిషి కాడ వస్తది. సె లొ పూసొ అంటే ‘కట్టుకున్నది’ కావచ్చు, ‘(బిడ్డకు) కట్టింది’ కూడా కావచ్చు. మొదటి ‘సె’ ఆత్మార్థకం, రెండోది ‘లె’కు బదులొచ్చిన ‘సె’. రూపం ఒకటే. ‘కట్టింది’ అని తేల్చాలంటే ‘అ సు ఈహ’ (తన బిడ్డకు) అని చివర పెట్టాలె.

తిండి దగ్గర ఇదే ‘సె’ ఇంకో రుచి ఇస్తది. లొ కొమ్యో: తిన్నడు. సె లొ కొమ్యో: తినేసిండు, ఏం మిగలలేదు.

‘సె మె కయో’లో ‘లొ’ ఎందుకు లేదు?

పడిపోయిన వస్తువు అక్కడ కర్మ కాదు, కర్త. సె మె కయో ల యాబె: నా చేతుల నుంచి చాబి పడిపోయింది. చాబులు ఎక్కువైతే క్రియ మారుతది: సె మె కయేరొన్ లస్ యాబెస్. సె మె ఒల్బిదో: మర్చిపోయిన, తప్పు నాది కాదన్నట్టు. సె లె రొంప్యో ఎల్ బ్రాసొ: ఆయనకు చెయ్యి విరిగింది. మన ‘ఆయనకు’కు సరిగ్గ ‘లె’.

‘మె గూస్త’ కూడా ఈ తీరుదే. నాకు నచ్చుతది. నచ్చే వస్తువు కర్త. అందుకే ‘మె లొ గూస్త’ తప్పు. ‘నాకు దాన్ని నచ్చింది’ అంటే తెలుగులో ఎంత ఎబ్బెట్టుగ ఉంటదో, అక్కడా అంతే.

‘నన్ను ఆమెకు పరిచయం చేసిండు’ ఎట్ల అనాలె?

‘ఆమెను నాకు’ అయితే సులువు: మె ల ప్రెసెంతో. తిప్పి ‘నన్ను ఆమెకు’ అంటే జంట కుదరదు. ప్రత్యక్ష కర్మ నేను, నువ్వు, మేము అయినప్పుడు పరోక్షాన్ని పక్కన నిలబెట్టరు, వెనక్కు పంపుతరు: మె ప్రెసెంతో అ ఏయ. రెండు సర్వనామాల్లో రెండోది లొ, ల, లొస్, లస్ అయితేనే జంట నిశ్చింతగ కట్టండ్రి.

స్పెయిన్ వీడియోల్లో ‘లె బీ’, మెక్సికో వీడియోల్లో ‘సె లొస్ దీహె’ వినబడ్డది. మేం నేర్చుకున్నది తప్పా?

కాదు. స్పెయిన్‌లో చాలాచోట్ల మగమనిషిని చూసిన అనేటందుకు ‘లొ బీ’ బదులు ‘లె బీ’ అంటరు. ఏకవచనంలో, మగమనిషికి మాత్రం స్పానిష్ రాయల్ అకాడమీ (ఆ భాషలో ఒప్పు, తప్పు చెప్పే సంస్థ) దాన్ని ఒప్పుకుంటది. వస్తువులకు వాడితే ఒప్పుకోదు.

‘సె లొస్ దీహె’ లాటిన్ అమెరికా ముచ్చట. చెప్పిన సంగతి ఒకటే, విన్నవాళ్లు ఎక్కువమంది. ‘సె’లో బహువచనం కనబడదు కాబట్టి ఆ ‘స్’ను తెచ్చి ‘లొ’కు తగిలిస్తరు. అక్కడ చదువుకున్నోళ్ల మాటల్లో కూడా ఇది మామూలే. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్తితూతొ సెర్బాంతెస్ ఇచ్చే డెలె (స్పానిష్ వచ్చు అనే) సర్టిఫికెట్‌కో, హైదరాబాద్‌ల భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో పరీక్షకో రాసేటప్పుడు మాత్రం ‘సె లొ దీహె అ ఏయొస్’ అనే రాయండ్రి.

కాయితం మీద వస్తది, నోటికి రాదు. ఏం చెయ్యాలె?

పట్టిక చూసుకుంట చదివితే నోటికి రాదు. వాక్యాన్ని రెండు కోతల్లో కుదించే అలవాటు చేసుకోవాలె. మొదట పూర్తి వాక్యం గట్టిగ అనాలె: లె దోయ్ ఎల్ అర్రోస్ అ మి ఎర్మాన (మా అక్కకు బియ్యం ఇస్తున్న). మొదటి కోత, అక్కను తీసెయ్యండ్రి: లె దోయ్ ఎల్ అర్రోస్. రెండో కోత, బియ్యం తీసి ‘లొ’ పెట్టండ్రి, ‘లె’ను ‘సె’ చెయ్యండ్రి: సె లొ దోయ్. కోతకు కోతకు మధ్య ఆగొద్దు.

సరుకు ఇంట్లనే ఉంది. లొ, ల, లొస్, లస్ ఒక్కొక్కదానికి రెండేసి వస్తువులు, మొత్తం 8. తీసుకునేవాళ్లు 6 మంది: నేను, నువ్వు, ఆయన, ఆమె, మనం, వాళ్లు. క్రియలు 4: దార్ (ఇచ్చుడు), మందార్ (పంపుడు), ప్రెస్తార్ (అప్పిచ్చుడు), ఎన్సెన్యార్ (చూపుడు). 8 ఆర్ల 48, 48 నాల్గుల 192 వాక్యాలు. రోజుకు 15 అంటే రెండు వారాలకు ఒక చుట్టు అయితది. ‘దెసీర్’ (చెప్పుడు) ఇందులో పెట్టనిది ఎందుకంటే చెప్పేది ముచ్చట, దానికి ఎప్పుడూ ‘లొ’నే వస్తది, లింగం అలవాటు కాదు.

పలికేటప్పుడు ‘సె, లొ, దోయ్’ అని మూడు మెట్లు ఎక్కొద్దు. ‘సెలొదోయ్’ ఒకే ఊపు, ఒత్తు ‘దోయ్’ మీదనే.

ఈ వాక్యాల్లో తప్పేంది? దిద్దండ్రి.

‘లె లొస్ మందే’ (వాళ్లకు కాయితాలు పంపిన): ఒకటే తప్పు అనిపిస్తది గాని రెండున్నయి. వాళ్లకు అంటే లె కాదు, లెస్. అయినా జంటలో ఏదైనా ‘సె’నే కాబట్టి మొదటి తప్పు రెండోదాంట్ల మునిగిపోతది: సె లొస్ మందే.

‘నో దామెలొ’ (నాకియ్యకు): వద్దన్నప్పుడు వెనుక అతకదు, క్రియ రూపం కూడా మారుతది: నో మె లొ దేస్.

‘సె లొ దీ అ లక్ష్మి’ (లక్ష్మికి మోటర్ సైకిల్ ఇచ్చిన): ‘మోతొ’ చివరి ‘ఒ’ను నమ్మిన్రు. సె ల దీ అ లక్ష్మి.

‘తె లొ ప్రెగుంతే, సార్’: వాక్యంలో ఏ తప్పూ లేదు, సారుకే తప్పు. సె లొ ప్రెగుంతే.

‘ఎ దాదొసెలొ’ (ఆమెకు ఇచ్చిన): దాదొ వెనుక ఏదీ అతకదు. సె లొ ఎ దాదొ.

‘క్యేరొ ప్రెస్తార్ సె లొ’: అతికించాల్సినదాన్ని విడదీసి రాసిన్రు. ప్రెస్తార్సెలొ ఒకే మాట, గీతతో సహా.